దిద్దని అర్జీ

ఏ డాక్యుమెంటు తెరిచినా ఆఫీసు కంప్యూటర్లు వాటంతటవే దాన్ని మర్యాదగా దిద్దేసే రోజులవి. "బోరు నీళ్లు తాగి పిల్లలు పడిపోతున్నారు" అని చంద్రకళ పంపిన అర్జీ, అక్కడ తెరిచేసరికి "నీటి రుచిలో స్వల్ప మార్పు" అయిపోయింది.

అందుకే ఈసారి డాక్యుమెంటుగా కాకుండా, ఏ హంగులూ లేని ఉత్త అక్షరాలతో రాసింది. శీర్షిక ముందు హ్యాష్ (#) గుర్తు, ముఖ్యమైన మాటకు అటూ ఇటూ స్టార్ గుర్తులు. ఇలాంటి రాతను కంప్యూటర్లు ముట్టుకోవు.

"ఇంత వికారంగా ఉంటే ఎవురు చదువుతారే?" అంది తల్లి, జ్వరంతో పడుకున్న చంద్రకళ చెల్లెలి నుదుటిమీద తడిగుడ్డ మారుస్తూ.

చంద్రకళ భయమూ అదే. చెత్త అనుకుని తీసేస్తే?

మధ్యాహ్నం ఆఫీసు గుమాస్తా ఫోన్ చేశాడు.

"ఏందమ్మాయ్, అర్జీ పంపినావా, ముగ్గేసి పంపినావా?"

"స్టార్ల నడుమ ఉండేది చదవండి సార్."

అతను నవ్వుతూనే పైకి చదవసాగాడు. సగంలో నవ్వు ఆగిపోయింది.

"ఎవురెవురి పిల్లలమ్మా?"

ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. చంద్రకళ పేర్లు చెప్పసాగింది, చెల్లెలి పేరుతో మొదలుపెట్టి.