తొమ్మిదో బెడ్డు దొంగ

"మూడువందల డెబ్భై నాలుగు," అంటూ హెడ్ సిస్టరు షుగర్ మిషన్ తెచ్చి తొమ్మిదో బెడ్డు పెద్దాయన ముక్కు ముందు పెట్టింది. "ఎక్కడ దాచారు తాతగారూ?"

"ఏం దాచానమ్మా?"

"తిన్నది."

పెద్దాయన టైలరు. కాలి పుండు మానక ఆసుపత్రిలో చేరాడు. "నా కుట్టుమిషను మీద ఒట్టు. ఇక్కడికొచ్చాక తీపి మొహం చూడలేదు. నిన్న ఆ ఇంజెక్షన్ వేశాక ఒళ్లంతా చెమటలు పట్టి వణికిపోయాను. ఇంకా పెంచితే నేను మిగలను తల్లీ."

"దొంగతనం బయటపడితే ఎవరికైనా చెమటలే," అంది సిస్టరు. దిండు ఎత్తింది, దుప్పటి దులిపింది, సొరుగు లాగింది. ఏమీ దొరకలేదు. అంటే తెచ్చిచ్చేవాళ్లు ఉన్నారన్నమాట. "ఇవాళ్టినుంచి మీ ఆవిడ లోపలికి రాకూడదు."

ఆమె సోదా అంటే వార్డుకి హడల్. పొద్దున్నే గ్లవుజులు తొడుక్కుని తలుపు పక్కనున్న ఒకటో బెడ్డు దగ్గర మొదలుపెడుతుంది. దొరికిన తీపి సంచిలో పడేస్తుంది, వేలికి స్పిరిట్ దూది రాస్తుంది, సూది గుచ్చి, నొక్కి, చుక్క తీస్తుంది, పక్క బెడ్డుకి వెళుతుంది. ఒకటో బెడ్డుకి నూటముప్ఫై ఉంటే, అయిదో బెడ్డుకి రెండువందలు దాటుతుంది. కిటికీ పక్క తొమ్మిదో బెడ్డుకి ఇక పట్టపగ్గాలుండవు. తలుపు దగ్గరున్న తన బల్లకి దూరమయ్యేకొద్దీ జనానికి భయం తగ్గుతుందని ఆమె ఎప్పుడో తేల్చేసింది.

పెద్ద డాక్టరు కూడా ఆ మాటే నమ్మాడు. కేస్ షీట్లో ఇన్సులిన్ మోతాదు మళ్లీ పెంచి రాశాడు. "ఒంటిగంటకి భోజనం ముందు వేసెయ్యమని డ్యూటీ నర్సుకి చెప్పండి. మనం క్లాసుకి పోవాలి."

క్లాసు పై అంతస్తులో. ఆసుపత్రిలో చేరిన షుగర్ రోగుల్ని ఎలా చూసుకోవాలో డాక్టర్లకీ నర్సులకీ మళ్లీ నేర్పుతారట. ముప్ఫై ఏళ్ల సర్వీసుకి ఇప్పుడు పాఠమేమిటని సిస్టరుకి ఒళ్లు మండింది. పైగా పాఠం చెప్పే డాక్టరమ్మది ఆమె కూతురి వయసు.

"ఇన్సులిన్ ఎక్కువైతే చెమటలు పడతాయి, వణుకు పుడుతుంది," అంటోంది డాక్టరమ్మ. "మనం గుర్తుపట్టకపోతే ప్రాణం మీదికొస్తుంది."

సిస్టరు లేచింది. "అది పుస్తకంలో సంగతమ్మా. వార్డు సంగతి ఇదీ." సంచి విప్పి, జేబులోంచి పొద్దుటి గ్లవుజులు తీసి తొడుక్కుని, ఒక్కొక్కటీ బల్ల మీద పేర్చింది. సగం ఖాళీ అయిన జామ్ సీసా. క్రీమ్ బిస్కెట్లు. నలిగిన కేకు. ఖర్జూరాలు. "ఇవాళ ఒక్కపూట పంట."

అందరూ నవ్వారు. పెద్ద డాక్టరు కాస్త గర్వంగా చుట్టూ చూశాడు.

"సరే, ఇప్పుడు మీ పక్కనున్నవాళ్లకి షుగర్ చూడండి," అంది డాక్టరమ్మ. "ముందు సబ్బుతో చేతులు కడిగించండి. దూది తుడుపుకి తీపి పూర్తిగా పోదు."

సిస్టరు పక్కనే ఉన్న పెద్ద డాక్టరు బుద్ధిగా వెళ్లి కడుక్కొచ్చాడు. సిస్టరు గుచ్చింది, నొక్కింది, చూసింది.

"మూడువందల తొంభై ఒకటి."

"నాకు షుగర్ లేదే," అన్నాడు పెద్ద డాక్టరు.

"అందరూ అదే అంటారు సార్. ఏం తిన్నారు?"

"ఏమీ తినలేదు. ఒట్టు."

సిస్టరు అలవాటు కొద్దీ ఆయన కోటు జేబులు తడిమింది. ఒక పెన్ను, కారు తాళాలు. పెద్ద డాక్టరు నుదుటి మీద చెమట పట్టింది. "నిజంగా సిస్టరూ, నన్ను నమ్మండి," అన్నాడు. పొద్దున్న తొమ్మిదో బెడ్డు దగ్గర విన్న గొంతూ ఇలాగే ఉంది.

డాక్టరమ్మ ఆయన్ని మళ్లీ కుళాయి దగ్గరికి పంపింది. ఈసారి తనే గుచ్చింది.

"నూటనాలుగు," అంది. బల్ల మీది జామ్ సీసా వంక చూసి, తర్వాత సిస్టరు వంక చూసింది. "వార్డులో కూడా ఇలాగే చేస్తారా, సిస్టరుగారూ?"

"ఇలాగే..." అంటూ సిస్టరు తలెత్తింది.

గోడ గడియారంలో పన్నెండూ యాభై ఎనిమిది. జీవితంలో మొదటిసారి ఆమె ఆసుపత్రిలో పరుగెత్తింది. మూలనున్న ఫోన్ రిసీవరు అందుకుంటే అది వేళ్లకి అంటుకుపోయింది.

"తొమ్మిదో బెడ్డుకి ఇన్సులిన్ వేశావా?"

"సిరంజి చేతిలోనే ఉంది సిస్టర్, ఇప్పుడే..."

"వెయ్యకు. నువ్వు చేతులు కడుక్కో, ఆయనవీ కడిగించి షుగర్ మళ్లీ చూడు. వాళ్లావిణ్ణి లోపలికి పంపు."

"అదేంటి సిస్టర్, దొంగ దొరికాడా?"

"దొరికింది," అంది హెడ్ సిస్టరు. "ఇంకా గ్లవుజులు విప్పలేదు."