ఎండకు లొంగని వంశం

"ఈ కాగితం అబద్ధం!" జమ్మలమడుగు నారాయణ రిపోర్టును అరుగు మీదికి విసిరికొట్టాడు. "మా గులాబీకి తల్లీ తండ్రీ బజారు మొక్కలా?"

గులాబీల వంశావళి మీద పరిశోధన చేస్తున్న మైత్రేయి ఓపిగ్గా కాగితం ఏరుకుంది. "ఆకులకు డీఎన్ఏ పరీక్ష చేశాం సార్. తల్లి మొక్క, తండ్రి మొక్క రెండూ ప్రొద్దుటూరు నర్సరీల్లో అమ్మే మామూలు రకాలే. నీళ్లు లేకుండా ఎండకు ఓర్చుకునే గుణం వాటికి లేదు. మీ చెట్టుకు మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది?"

"యాడి నుంచి వస్తాదా? తల్లి చెట్టు మా జేజినాయన నాటింది. తండ్రి చెట్టు మా నాయన పెంచింది. ఐదేండ్లుగా దీనికి నేను చుక్క నీళ్లు పోయలా. అయినా ఎట్ల పూస్తాందో సూడు పాపా! మా వంశంలో చెట్టయినా మనిషయినా ఎండకు లొంగేది లేదు."

పాపం, ఆయన బాధ ఆయనది. కొత్త రకంగా నమోదు కాకముందే 'నారాయణ గులాబీ' అని బస్టాండులో ఫ్లెక్సీ కట్టించేశాడు. అందులో గులాబీ కంటే ఆయన మీసాలే పెద్దవి. ఇప్పుడు నమోదు ఆగిపోతే నలుగురిలో తలెత్తుకోవడం ఎలా?

"పందెం!" అన్నాడు. "చెట్టు సుట్టూ మనిషికి మించిన ఎత్తున ఇనప రేకులు కట్టించి తలుపు పెట్టిస్తా. తాళంచెవి నువ్వే పెట్టుకో. నెల తర్వాత రా. చెట్టు పచ్చగా ఉంటే నీ కాగితం చించేసి, మా వంశం పేరు రాయాల."

మజ్జిగ తెచ్చిన భార్య గురమ్మ "అంత పంతం ఎందుకులే మామా" అంది.

"వంశం సంగతి నీకేం తెలుసు? లోపలికి పో."

గురమ్మ పోయింది.

మే నెల ఎండలకు కాకులు కూడా బయటికి రాలేదు. నెల తిరిగేసరికి వీధి వీధంతా రేకుల ముందు గుమిగూడింది. పిలిచింది ఆయనే మరి. మైత్రేయి తాళం తీసింది. చెట్టు పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు.

"ఎవడో మందు కొట్టినాడు!" నారాయణ గావుకేక పెట్టాడు.

"ఎవరూ కొట్టలా," అంది గురమ్మ. "నువ్వు తాళం ఏపిస్తే నేను నీళ్లు పోసేదెట్ల? ఐదేండ్లుగా నువ్వు లేసే లోపల దినామూ రెండు బిందెలు పోస్తాంటి. ఒక్క ఆకు వాడితే సాలు, ఆ పొద్దంతా ఇంట్లో ఎవరినీ బతకనియ్యవు గదా!"

జనం గొల్లుమన్నారు. మైత్రేయికీ నవ్వు ఆగలేదు. "అయితే సార్, ఆ గట్టిదనం చెట్టుది కాదు, గురమ్మగారిది. అలాగే రాసుకోమంటారా?"

నారాయణ మీసం మీద చెయ్యి వేశాడు.

"రాసుకో! గురమ్మ ఎవరనుకున్యావు? మా సొంత అక్క కూతురు!"