ముందే వెళ్ళిన బస్తాలు

"సరుకు ఇంకా గోదాములోనే ఉంది కదమ్మా?" అని ఫోన్‌లో అడిగింది ల్యాబ్ మేడం.

ఉందనే చెప్పింది ఆమె.

మేడం నెమ్మదిగా విడమరిచి చెప్పింది. మీరు పంపిన మొక్కజొన్న పిండి శాంపిల్‌లో బూజు వల్ల పుట్టే విషం ఉంది. హద్దు దాటి చాలా ఎక్కువగా ఉంది. మంచి పిండైనా చెమ్మలో నిలవుంటే పుడుతుంది. అది కంటికి కనబడదు, వాసన రాదు, ఉడికించినా కాల్చినా పోదు. పెద్దవాళ్ళ మాట ఎలా ఉన్నా, పసివాళ్ళ కాలేయాన్ని దెబ్బ తీస్తుంది. ఆహార భద్రతా కార్యాలయానికి కబురు చేశామనీ, ఒక్క బస్తా కూడా కదలనివ్వద్దనీ చెప్పి పెట్టేసింది.

బస్తాలు కొన్ని నిన్ననే కదిలాయి. వెళ్ళింది పిల్లల ఆసుపత్రికి.

కూతురికి గోధుమ పడదని తేలినప్పుడు, ఊరంతా గాలించినా గోధుమ నలుసు కలవని పిండి దొరకలేదామెకు. అందుకే తనే పై దేశం నుంచి తెప్పించడం మొదలుపెట్టింది. అలాంటి పిల్లలున్న ఇళ్ళకు, తర్వాత ఆసుపత్రి వంటగదికి సరఫరా చేసేదాకా వ్యాపారం పెరిగింది. రేవులో ఒక పరీక్ష, గోదాముకు చేరాక ఇంకొకటి. రెండో ఫలితం వచ్చేదాకా బస్తా గడప దాటకూడదు. ఎన్నడూ ఆ గీత దాటని మనిషి, నిన్న ఆసుపత్రి వంటావిడ పిండి నిండుకుందని బతిమాలితే కరిగిపోయింది.

గోదాము పనులన్నీ చూసేది ఆమె మరిది. సంగతి విని అతను తేలిగ్గా తీసేశాడు. ల్యాబ్ వాళ్ళ అద్దాల్లోంచి చూస్తే మంచినీళ్ళలో కూడా మొసళ్ళు కనబడతాయన్నాడు. ఆసుపత్రికి పరుగెత్తితే మన తప్పు మనమే చాటుకున్నట్టవుతుందన్నాడు.

"నోరు మూసుకుని వ్యాన్ తియ్యి," అందామె.

ఆ ఆసుపత్రి వార్డు ఆమెకు కొత్త కాదు. కూతురు అక్కడే పడుకుని లేచింది. దారి పొడుగునా ఆ మంచాల మీది పిల్లలు రొట్టె తుంచుకుని నోట్లో పెట్టుకుంటున్నట్టే కనబడుతోంది.

మధ్యలో అత్తగారు ఫోన్ చేసింది. పాప బడి నుంచి మళ్ళీ తొందరగా వచ్చేసిందట, కడుపులో తిప్పుతోందంటోందట. ఆమెకు వినే ఓపిక లేదు. పాప పిండితో కాస్త జావ కాచి తాగించండత్తయ్యా, వచ్చి చూస్తాను అని పెట్టేసింది.

"వెనక్కి తిప్పెయ్యనా వదినా? సరుకు మంచిదే," అన్నాడు మరిది.

"నీకెలా తెలుసు?"

అతను హారన్ కొట్టి ముందున్న లారీని దాటాడు.

వంటగదిలో ఒక బస్తా అప్పటికే విప్పి ఉంది. పొద్దున పిల్లలందరికీ రొట్టెలు కాల్చి పెట్టానని, చాలా ఇష్టంగా తిన్నారని, వంటావిడ నవ్వు మొహంతో చెప్పింది. ఆమె నేరుగా పెద్ద డాక్టరు గదికి వెళ్ళి, ఫలితం రాకముందే పిండి పంపింది తానేనని చెప్పేసింది.

డాక్టరు నర్సును పిలిచి పిల్లలందరికీ రక్తం తీయమన్నాడు.

ఆమె వరండా బల్ల మీద కూర్చుంది. లోపల సూది చూసి ఒక్కొక్కరే ఏడుపందుకుంటున్నారు. పక్కన కూర్చున్న ఒక తల్లి, ఈ వేళప్పుడు రక్తం ఎందుకు తీస్తున్నారో మీకేమైనా తెలుసా అని ఆమెనే అడిగింది. ఆమె తల అడ్డంగా ఊపి, కొంగుతో మొహం తుడుచుకుంది. జైలుకు పంపితే పంపనీ, ఆ పిల్లలకు ఏమీ కాకుండా ఉంటే చాలని కనబడని దేవుళ్ళందరికీ మొక్కుకుంది.

ఇంతలో ఆహార భద్రతాధికారి వచ్చాడు. వంటగదిలో ఉన్న బస్తాలన్నిటి నుంచీ పిండి తీసి, వెంట తెచ్చిన గొట్టాల్లో కలిపి, పరీక్ష పట్టీలు ముంచి చూశాడు. అనుమానం తీరక మళ్ళీ ముంచాడు. మనిషిని పంపి గోదాములో బస్తాలు కూడా చూపించాడు. చివరికి వరండాలోకి వచ్చాడు.

"పిండిలో విషం జాడ లేదమ్మా. ఇక్కడా లేదు, మీ గోదాములోనూ లేదు," అన్నాడు. మరి ల్యాబ్‌కు వెళ్ళిన శాంపిల్‌లోకి అది ఎలా వచ్చిందో తనకు అంతుపట్టడం లేదనీ, ముందే పంపినందుకు నోటీసు మాత్రం తప్పదనీ చెప్పాడు.

నోటీసు మాట ఆమె చెవికెక్కనే లేదు. పక్కనున్న ఆ తల్లి చేతులు పట్టుకుని బావురుమంది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. ఈ మాట చెప్పాలని మరిది కోసం చూసింది.

అతను స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"విన్నావా? సరుకు మంచిదేనట," అంది.

"విన్నాను. బస్తాల మీద తడి మరకలు చూసి, ఎక్కడ ఫెయిలవుతుందోనని భయపడ్డాను వదినా. శాంపిల్ మార్చేశాను. పరీక్ష నెగ్గిన పాత పిండి ఉంది కదా, అంతకన్నా నమ్మకమైంది ఏముంటుందని దాన్ని పంపాను."

"ఏ పాత పిండి?"

అతను తల ఎత్తలేదు.

"ఇంట్లో మన పాప రోజూ తినేది, వదినా."