లాడ్జికి మాట్లాడిన కారు

కారు ప్రొద్దుటూరు రోడ్డు వదిలేసి కలమల్ల వైపు మళ్లింది.

రామం ముందుకు వంగాడు. "ఏమయ్యా, లాడ్జికి దారి ఇది కాదు గదా?"

డ్రైవరు సిరాజుద్దీన్ వెనక్కి తిరగలేదు. "పోతాం లెండి సార్" అన్నాడు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆ వైపు కార్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మద్రాసు నుంచి వచ్చే పెద్దమనుషులు లాడ్జికి ముందుగా జాబు రాస్తే, లాడ్జి వాళ్లు కారు మాట్లాడి ఎర్రగుంట్ల స్టేషనుకు పంపేవాళ్లు. మిగతా జనమంతా బస్సు కోసం ఎండలో మాడాల్సిందే.

ఆ మధ్యాహ్నం రామం రైలు దిగి బయటికి రాగానే సిరాజుద్దీన్ ఎదురొచ్చాడు. రామానికి ప్యాంటు, టోపీ, చేతిలో బరువైన తోలు సంచి. సిరాజుద్దీన్ ఒకసారి కిందికీ పైకీ చూశాడు. పెద్దమనిషిని పట్టుకుని మీ పేరేమని మొహం మీద అడగడం ఆ సీమలో మర్యాద కాదు. చేతులు జోడించి, "ప్రొద్దుటూరు లాడ్జికే గదా సార్? మీ కోసమే చూస్తాండా" అన్నాడు.

రామం పోయేది లాడ్జికే. అవునన్నాడు. సంచి అందుకుని, తలుపు తెరిచి పట్టుకుంటే ఎవరికి మాత్రం చేదు? మెత్తటి సీట్లో కాళ్లు చాపుకున్నాడు. కారు కదిలేటప్పుడు వెనక ఎవరో కేకేసినట్టు అనిపించింది. తిరిగి చూడలేదు.

ఇప్పుడు ఆ సీట్లోనే ముళ్ల మీద కూర్చున్నట్టుంది.

"ఆపు. నేనిక్కడే దిగిపోతాను" అంటూ తలుపు తడిమాడు. లోపలివైపు పిడి లేదు. రెండో తలుపుకూ లేదు.

"వాటిని నేనే పీకేసినా సార్. గోషా ఆడోళ్లను తిప్పే బండి ఇది. పిల్లోళ్లు తెరుచుకోని పడిపోతాండ్రి. బయటినుంచి నేను తీస్తే తప్ప రావు."

కిటికీలకు కూడా తెరలు బిగించి ఉన్నాయి.

కలమల్ల దాటాక సిరాజుద్దీన్ గొంతు విప్పాడు.

"తప్పే డాక్టరు సారూ, మీ కాళ్లు మొక్కుతా. నా బిడ్డ ఖమ్రున్నీసా పులివెందులలో నిన్నటి నుంచి నొప్పులు పడతాంది. కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందంట. జమ్మలమడుగు ఆసుపత్రికి తీసకపోదామంటే, కదిలిస్తే పానం పోతాదంటాది మంత్రసాని. మీరు వస్తాండారని తెలిసి ఈ కిరాయి నేనే అడిగి తీసుకున్యా. మిమ్మల్ని మద్రాసు నుంచి పిలిపించిన షావుకారు లాడ్జిలో కాచుకోనుంటాడు, నాకు తెలుసు. వాళ్లింటామెను రేప్పొద్దున చూసినా ఏం కాదు. నా బిడ్డకు రేపనేది లేదు సారూ!"

రామం ముందు సీటు పట్టుకున్నాడు. "చూడు, నేను..."

"రానని మాత్రం అనొద్దండి!" బండి ఎగిరిపడింది. రామం తల కిటికీకి కొట్టుకుంది. "పొద్దున ఒక డాక్టరును అడిగితే రానన్న్యాడు. ఇంకొంచెం సేపు ఆడనే ఉంటే ఆయప్పను యాడ చంపుతానో అని పరిగెత్తి వచ్చేసినా."

స్టీరింగు మీద ఆ చేతులు చూశాడు రామం. వెనక్కి జరిగి కూర్చున్నాడు.

ఇంకో గుంతలో పడి సంచిలో సామాను గలగలమంది. ఆ చప్పుడు వినగానే సిరాజుద్దీన్‌కు పోయిన ప్రాణం లేచివచ్చింది.

"సామాన్లన్నీ ఉండాయి గదా సార్? మీ హస్తవాసి శానా మంచిదని ప్రొద్దుటూరంతా చెప్పుకుంటాండారు."

రామం తన చేతుల వంక చూసుకున్నాడు.

ముద్దనూరు రానీ, నలుగురుంటారు, అక్కడ చెప్పేద్దామనుకున్నాడు. ముద్దనూరు వచ్చింది. బజారులో ఎద్దులబండ్లు అడ్డమొచ్చి కారు ఆగింది కూడా. రామం నోరు తెరిచాడు. ముందున్న చిన్న అద్దంలో సిరాజుద్దీన్ కళ్లు కనిపించాయి. నీళ్లు కారుతున్నా తుడుచుకోవడం లేదు. తుడుచుకునే తీరిక కూడా లేనట్టు దారి వంకే చూస్తున్నాడు.

రామం నోరు మూసుకున్నాడు. దూరం పోయేకొద్దీ చెప్పడానికి మరింత కష్టమయ్యే మాట అది. పిరికివాడు. అంతకంటే ఏమనాలి?

చీనీ తోటలు దాటి పులివెందుల చేరేసరికి పొద్దు వాలుతోంది. సందు మొదట్లోనే జనం. "డాక్టరు వచ్చినాడు!" అని ఎవరో అరిచారు. అంతవరకూ వినిపిస్తున్న ఏడుపులు ఆగిపోయాయి. సిరాజుద్దీన్ తలుపు తీశాడు. దిగి పారిపోదామంటే ముందూ వెనకా మనుషులే. ఒక ముసలాయన రామం చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

సిరాజుద్దీన్ భార్య బిస్మిల్లా బీ సంచిని బిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని ముందు నడిచింది. పరాయి మగవాడి నీడ పడని గది అది. డాక్టరని తెర పక్కకు తీశారు. లోపల ఇత్తడి బేసినులో వేణ్నీళ్లు, కొత్త సబ్బు, ఉతికిన తువ్వాలు సిద్ధంగా ఉన్నాయి.

మంచం మీద ఖమ్రున్నీసా కళ్లు తెరిచింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. రామాన్ని చూసి, "వచ్చినారా" అంది, ఇక భయం లేదన్నట్టు.

వెనక తెర పడింది.

"తెరవండి సారూ, యాళ మించిపోతాంది" అంటూ బిస్మిల్లా బీ సంచి తెచ్చి అతని ముందు పెట్టింది.

రామం తెరిచిన సంచిలో ప్రొద్దుటూరు అంగళ్లకు అమ్మజూపడానికి తెచ్చిన ఇత్తడి తాళంకప్పలున్నాయి. ఈ కారు కోసం జాబు రాసిన డాక్టరు ఎర్రగుంట్ల స్టేషను ముందు ఇంకా రోడ్డు వైపు చూస్తూనే ఉన్నాడు.