దుమ్ములో పరుగు

కొండకు అటూ ఇటూ ఉన్న రెండు అడవుల జంతువుల మధ్య ఏటా ఎండాకాలంలో ఒక ఆట జరిగేది. వెలగకాయను తొడిమ పట్టి నోట కరుచుకుని అవతలి గీత దాటినవాళ్లకే మడుగులో ముందు నీళ్లు.

ఇవతలి జట్టులో అడవిదున్న రంగన్న ముందు నడిచి, అడ్డొచ్చినవాళ్లను తోసేసేవాడు. "పద చెల్లే!" అనగానే జింక సింగారి కాయతో అతని వెనకే దూసుకుపోయేది.

ఆ ఏడు ఆటకు ముందు ఒక కాకి వాలి, "ఇంతకీ మిమ్మల్ని గెలిపించేది రంగన్న ఒళ్లా, సింగారి పరుగా?" అని అడిగింది.

"పరుగే! గీత దాటేది నేనేగా" అని సింగారి నవ్వేసింది.

రంగన్న నవ్వలేదు. ఆట మొదలయ్యాక "పద చెల్లే!" అన్నాడు గానీ, నాలుగడుగులు వేసి పక్కకు తప్పుకున్నాడు. నేను లేకుండా ఎంత దూరం పోతుందో చూద్దాం అనుకున్నాడు.

సింగారి నేరుగా పోయి అవతలి అడవిపందుల గుంపులో పడింది. ఆమె ముందరి కాలు విరిగింది.

రంగన్న పరుగెత్తుకొచ్చేసరికి ఆమె మెల్లగా అంది, "దుమ్ములో కనబడలేదన్నా. నువ్వు ముందే ఉన్నావనుకున్నా."

మరుసటి ఏడు రంగన్న అందరినీ తోసుకుంటూ గీత దాకా దారి చేశాడు. అలవాటుకొద్దీ వెనక్కి తిరిగి "పద చెల్లే!" అన్నాడు.

విరిగిన కాలు అతకక గట్టు మీద పడుకున్న సింగారి, ఆ పిలుపు వినగానే లేవబోయింది.