అచ్చం తన్వి గొంతే

బడిపిల్లలందరి చెవుల్లోనూ, తోటిపిల్లలు పంపిన మాటలు వినిపించే పూసలుండే రోజులవి. హనుమకొండలో ఒక ఉదయం, జడ వేస్తుంటే కూతురు తన్వి పదేపదే ఉలిక్కిపడటం లాస్య గమనించింది. ఎంత అడిగినా చెప్పకపోవడంతో ఆ పూస తీసి తన చెవిలో పెట్టుకుంది. అందులో తన్వి గొంతు ఒక స్నేహితురాలి నల్లటి రంగును వెక్కిరిస్తోంది. ఆ వెంటనే తరగతి పిల్లలు ఒకరి తర్వాత ఒకరు, "తన్వీ, చచ్చిపో" అంటున్నారు.

"నేను అనలే అమ్మా. ఎవరో నా గొంతు తయారుచేసిన్రు. ఎవ్వరూ నమ్ముతలేరు."

విన్నది అచ్చం కూతురి గొంతే. లాస్య ఒక్క క్షణం తడబడింది. అది తన్వి కంటపడింది.

"నువ్వు సుత నమ్ముతలేవా?"

"నమ్ముతున్న బిడ్డా. ఇదంతా చెరిపెయ్యకుండ దాచి, టీచరమ్మకు వినిపిద్దాం పా."

జడ సగంలోనే వదిలేసి ఇద్దరూ బయలుదేరారు. బడి గేటు దాకా తన్వి తల్లి ముఖంలోకి చూస్తూనే నడిచింది.