డమ్మీ నంబరు

వెబ్‌సైట్లు చేసే ఆ స్టూడియోలోకి యాభై దాటిన ఒకావిడ వచ్చి, ఎవరినీ ఏమీ అడగకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

అందరూ కంప్యూటర్లలో తలలు దూర్చి ఉన్నారు. చివరికి డిజైనరు లేచాడు.

ఆఫీసులో అతన్ని 'తొందర' అనే పిలుస్తారు. క్లయింటు నోరు తెరిచేసరికే వాక్యం పూర్తి చేసేస్తాడు. ఏ పేజీలు కావాలో, ఏ బటన్ ఎక్కడ ఉండాలో వాళ్ళు సగం చెప్పగానే చీటీ రాసి గోడకి అంటిస్తాడు. చాలాసార్లు అతని ఊహే నిజమవుతుంది కాబట్టి ఆ పేరును బిరుదులా మోస్తున్నాడు.

ఆవిడ మడత విప్పి ఒక కాగితం ఇచ్చింది. నత్తి ఉన్న పిల్లలకి మాట నేర్పే క్లినిక్ వెబ్‌సైట్, మొదటి పేజీ అచ్చు. నాలుగు నెలల కిందట అతను చేసిందే. ఫోన్ నంబరు చుట్టూ సిరాతో సున్నా చుట్టి ఉంది.

"ఇ... ఇది మా... మా ఇం..."

"మీ ఇంటి నంబరా?"

ఆవిడ తలూపింది. ఆవిడకీ నత్తే.

తప్పు ఎవరిదో తొందరకి తెలిసిపోయింది. నమూనా గీసేటప్పుడు ఆ చోటు ఖాళీగా ఉండకూడదని నోటికొచ్చిన అంకెలు వేశాడు. క్లినిక్ వాళ్ళు అసలు నంబరు ఇచ్చాక మార్చాలి. మార్చలేదు. సైటు విడుదలకి ముందు సరిచూసే జాబితాలో మాత్రం నిక్షేపంగా టిక్కు పెట్టాడు.

ఆ క్లినిక్ నడిపే డాక్టరమ్మ మరో రెండు క్లినిక్‌లు తెరుస్తోంది. వాటి పని గురించి రెండు వారాల్లో మీటింగు. ఈ తప్పు తెలిస్తే క్లయింటూ పోతుంది, తన ఉద్యోగమూ పోతుంది.

"తీ... తీసే... తీసేయ..." ఆవిడ కళ్ళు మూసుకుని మాట కోసం పెనుగులాడుతోంది.

"అర్థమైందండి, తీసేయాలి. అంతేగా?"

ఆవిడ చెయ్యి ఎత్తింది. అతను అప్పటికే కుర్చీలో కూర్చుని అంకెలు మార్చేస్తున్నాడు. మార్చి చూపించి, మన్నించమని అడిగి, బయటిదాకా వచ్చి సాగనంపాడు. ఎంత మర్యాదగా పంపానో అని తనను తాను మెచ్చుకున్నాడు కూడా.

రెండు వారాల తర్వాత డాక్టరమ్మ వచ్చింది. రంగులు, బొమ్మలు అన్నీ బాగున్నాయంది. కానీ తనకి అన్నిటికన్నా నచ్చింది ఫోనెత్తడానికి స్టూడియో వాళ్ళు పెట్టిన మనిషేనంది.

తొందర బిక్కమొహం వేశాడు.

ఆమె చెప్పుకుపోయింది. నాలుగు నెలలుగా వచ్చిన తల్లులందరిదీ ఒకటే మాట. ఫోను ఎత్తినావిడకి తమ పిల్లలకి లాగే నత్తి. అయినా సిగ్గుపడకుండా, ఎంతసేపు పట్టినా ప్రతి మాటా పూర్తి చేస్తుంది. క్లినిక్ నంబరు కనుక్కుని చెబుతుంది, తప్పకుండా వెళ్ళమంటుంది. మొండికేసిన పిల్లలు కూడా ఆవిడతో మాట్లాడాకే బయల్దేరారు.

"ఎంత గొప్పగా ఆలోచించారో అనుకున్నానండి. కొత్త క్లినిక్‌లకీ ఆవిడే కావాలి. ఈ మధ్య ఎందుకు మానేశారు?"

"అది... అది నేను..." అంటూ తొందర తడబడ్డాడు. డాక్టరమ్మ అతని మొహంలోకి చూస్తూ ఓపిగ్గా కాచుకుంది.

చివరికి తప్పు ఒప్పుకున్నాడు. పాత ఫైలు వెతికి, ఆమె ఎదుటే ఆ నంబరుకి ఫోన్ చేశాడు. ఒకమ్మాయి ఎత్తింది. తనెవరో చెప్పి, అమ్మగారికి ఒకసారి ఇవ్వమన్నాడు.



"సైటు అడుగున మీ స్టూడియో పేరు చూసి అమ్మ ఆరోజు తనంతట తనే వచ్చిందండి," అంది కూతురు. "తప్పు నంబరని తెలిస్తే తీసేస్తారేమోనని భయం. 'తీసేయకండి' అని అడుగుదామని దారంతా అదే పలుక్కుంటూ వచ్చిందట."

అతను కళ్ళు తుడుచుకున్నాడు. తను తెలియక చేశానని, ఆ నంబరు ఈరోజే తిరిగి పెట్టేస్తానని, ఆవిడతో ఒక్క నిమిషం మాట్లాడనిమ్మని బతిమాలాడు.

"రాదండి. ఫోను మోగితే మళ్ళీ మునుపటిలా లోపలి గదిలోకి వెళ్ళిపోతోంది. మొదట్లో ఎవరో నత్తి పిల్ల ఏడుస్తూ మాట్లాడితే ఫోను పెట్టేయలేకపోయిందట గానీ, నాకు ఊహ తెలిశాక మా అమ్మ ఫోన్లో మాట్లాడింది ఆ నాలుగు నెలలే."